గోడకు లోపలి వైపు

ముందరి కాళ్లు మడిచి రొమ్ముకు ఆనించుకుని కదలకుండా నిలబడే ఆ ఆకుపచ్చ పురుగును గ్రీకులు జోస్యుడన్నారు. మాంటిస్ అంటే వాళ్ల భాషలో అదే అర్థం. తరువాతి ఐరోపావాళ్లు దానికి ప్రార్థన కూడా తగిలించారు. మనం గొల్లభామ అన్నాం, కొన్నిచోట్ల ఆ పేరే మిడతకూ చెల్లుతున్నా. ఏ పేరు చూసినా మనిషి కంటికి తోచినదే. ఆ కాళ్లు జోడించిన చేతులు కావు, ఎర కోసం బిగించి పెట్టుకున్న ముళ్ల పట్టకార్లు. సెకనులో పదో వంతు గడిచేలోపు అవి చాచుకుని, పట్టుకుని, మళ్లీ ముడుచుకుంటాయి. పలాస దాటాక సుమ్మాదేవి, మందస వైపు పరుచుకున్న ఉద్దానం జీడితోటల్లో చిగురు మీద వాలే టీ దోమ లాంటి పురుగుల కోసం పొంచి ఉండే జీవికి భక్తి అంటగట్టినందువల్ల దానికి వచ్చిన నష్టమేమీ లేదు. దాన్ని ఇంటికి తెచ్చి పెంచుకుందామనుకున్నప్పుడు మాత్రం నష్టం మొదలవుతుంది. గాజు తొట్టిలో పెట్టాలా, ప్లాస్టిక్ డబ్బాలోనా, ఇనుప జాలీ పెట్టెలోనా, దోమతెర గుడ్డ చుట్టిన చట్రంలోనా? ఇదంతా కొట్టువాడితో తేల్చుకునే సంగతి అనుకుంటాం. పెంచవచ్చా కూడదా అన్న ధర్మవిచారం ముందే ముగించుకుని, ఆపైన తీరిగ్గా డబ్బా కొనుక్కోవచ్చని మన లెక్క. ఆ లెక్క తప్పని నా వాదన. ఒక జీవిని బంధించడంలోని తప్పొప్పులు గోడను దేనితో కట్టామన్న చోటే తేలతాయి. అంతకు ముందు మనం చేసే విచారమంతా మన గురించి మనం చేసుకునేదే.

గొల్లభామ పెద్దదయ్యేలోపు జాతిని బట్టి ఏడెనిమిది సార్లు, కొంచెం అటూ ఇటూగా, కుబుసం విడుస్తుంది. ఆ పని తలకిందులుగా వేలాడుతూ చేస్తుంది. కాళ్ల చివర ఉండే సన్నని కొక్కేలతో పైనున్న కొమ్మనో ఆకునో పట్టుకుంటుంది. వీపు మీద పాత తొడుగు చీలాక, తన బరువుతో తానే కిందికి జారుతూ, ఇంకా గట్టిపడని మెత్తటి ఒంటితో బయటికి వస్తుంది. ఆ కాసేపట్లో పట్టు జారి పడితే కాళ్లు వంకరపోతాయి, రెక్కలు ముడతపడతాయి, ఒక్కోసారి సగం తొడుగులోనే ఇరుక్కుని చస్తుంది. అందుకే పెట్టె ఎత్తు పురుగు పొడవుకు కనీసం మూడింతలు, వెడల్పు రెండింతలు ఉండాలని పెంపకందారులు అంటారు. గాజు మూతకో నున్నటి ప్లాస్టిక్ మూతకో ఆ కొక్కేలు పట్టవు. ముతక ఇనుప జాలీకి పడతాయి గానీ అందులో చిక్కుకుంటాయి, లాక్కోబోతే పాదాలు తెగుతాయి. ఇంకో గాయం ఉంది, అది నా వాదనకు మరీ దగ్గరిది. పారదర్శకమైన గోడ వెనక ఉంచిన గొల్లభామ అవతలి వెలుగు వైపు పదేపదే ముందుకు తోసుకుంటూ కళ్లను గోడకు రాసుకుంటుంది, కొన్నాళ్లకు కంటి మీద గోధుమరంగు మచ్చ పడుతుంది. దాని చూపు సామాన్యమైనది కాదు. రెండు కళ్ల చూపును కలిపి దూరాన్ని కొలవగలదని 1983లో సామ్యుల్ రోసెల్ ప్రయోగాలు చూపించాయి. 2016లో న్యూకాజిల్ విశ్వవిద్యాలయంలో జెన్నీ రీడ్ బృందం తేనెమైనంతో గొల్లభామలకు చిట్టి కళ్లద్దాలు అతికించి, సినిమా చూపించినట్టు బొమ్మలు చూపి, ఆ సంగతిని మరింత గట్టి చేసింది. అంత చూపున్న జీవికి కూడా గాజును గోడగా ఎంచడానికి ఆధారమేదీ లేదు. చెట్టు మీద దానికి ఎదురయ్యే అడ్డాలన్నీ కంటికి కనిపించేవే.

అంటే గాజులో ఒక అబద్ధం ఉంది. బయటి నుంచి చూసేవాడికి అది గోడే లేనట్టుంటుంది, బందిఖానా అన్న ఊహనే దూరం చేసి మనసుకు హాయినిస్తుంది. లోపలున్నదానికి కూడా గోడ లేనట్టే ఉంటుంది, మూతి కొట్టుకునేదాకా. ఒకే గుణం ఒకరికి వినోదం, మరొకరికి గాయం. మనిషి పురుగును పెంచిన చరిత్రలో గోడను ఇలా బయటివాడే ఎంచుకోవడం కొత్తేమీ కాదు. చైనాలో టాంగ్ రాజుల కాలంలో అంతఃపుర స్త్రీలు కీచురాళ్లను చిన్న బంగారు పంజరాల్లో పెట్టి తలగడ పక్కన ఉంచుకునేవారని పాత రాతలు చెబుతాయి. తరువాతి కాలాల్లో సొరబుర్రలూ మట్టి కుండలూ వచ్చాయి. సొరబుర్రలో పాట బాగా మోగుతుందన్నది మనిషి చెవి చెప్పిన తీర్పు, బంగారం అతని హోదా చెప్పిన తీర్పు. ఇప్పటి గాజు తొట్టి అతని కంటి తీర్పు. మూడింట్లోనూ పురుగు పాదాలను అడిగినవాళ్లు లేరు. అడిగితే అవి దోమతెర గుడ్డ అనో, గరుకు బెరడున్న పుల్ల అనో చెబుతాయి. రెండూ మన కంటికి అంత ఇంపైనవి కావు. గుడ్డ చాటున పురుగు మసకగా కనిపిస్తుంది. ఆ మసకను ఒప్పుకోలేనివాడు పురుగును పెంచుతున్నాడా, తన చూపును పెంచుకుంటున్నాడా అన్నది అడగదగిన ప్రశ్నే.

ఇది పురుగుల ప్రేమికుల చాదస్తం, దీన్ని ధర్మశాస్త్రం దాకా లాగడమెందుకని అనవచ్చు. లాగనక్కర్లేదు, అది మొదటి నుంచీ అక్కడే ఉంది. జైనుల తత్త్వార్థసూత్రం గృహస్థుడి అహింసా వ్రతానికి తగిలే దోషాలు అయిదింటిని లెక్కపెడుతుంది: కట్టివేయడం, కొట్టడం, అవయవాలు కోయడం, మోయలేని బరువు వేయడం, తిండీ నీళ్లూ ఆపడం. మొదటిది బంధమే. జైనులు జీవులను ఇంద్రియాల సంఖ్యను బట్టి వరుస పెట్టిన తీరులో తేనెటీగలూ తేళ్లూ స్పర్శ, రుచి, వాసన, చూపు అనే నాలుగు ఇంద్రియాల తరగతివి. గొల్లభామ చోటు కూడా ఆ వరుసలోనే. (దాని రొమ్ము నడుమ ఒకే ఒక్క చెవి ఉందని, గబ్బిలాల కూతను అది పట్టగలదని 1986లో తేలింది. ఆ లెక్కన అయిదో ఇంద్రియమూ ఉన్నట్టే, పాత పట్టికను దిద్దుకోవాలి.) గృహస్థుల నడవడిని, అంటే శ్రావకాచారాన్ని, వివరించిన ఆచార్యులు బంధం దగ్గర ఆగి ఇంకాస్త లోతుకు వెళ్లారు. అవసరం ఉండి కట్టడం వేరు, ఊరికే కట్టడం వేరు. అవసరం ఉండి కట్టినా బిగించి కట్టడం వేరు, మెసలడానికి వీలుగా, నిప్పంటుకున్నప్పుడు తప్పించుకోవడానికి వీలుగా వదులుగా కట్టడం వేరు. పశువుల కొట్టాన్ని మనసులో పెట్టుకుని అన్న మాటలివి. ఇందులో నాకు ముఖ్యంగా తోచేది, వాళ్లు దోషాన్ని కట్టినవాడి మనసులో మాత్రమే వెతకకుండా తాడు దాకా, ముడి దాకా వెళ్లి వెతకడం. ముడి ఎలా ఉందన్నది పశువు మెడకే తెలుస్తుంది. నైతికతను పదార్థం దాకా దించిన ఆ ఆలోచనకు గుడ్డా గాజా అన్న ప్రశ్న చాలా సహజమైన కొనసాగింపు.

పురుగుకు బాధే తెలియదన్నది అన్నిటికంటే బలంగా వినిపించే ఆక్షేపణ. దానికి సాక్ష్యం కూడా గొల్లభామ దగ్గరే ఉంది. 1984లో కీటకాల నొప్పి గురించి వచ్చిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో ఐస్‌మన్, అతని సహచరులు చూపిన ఉదాహరణల్లో ఒకటి: గొల్లభామ ఒకవైపు తనను తింటుండగానే మిడత తన మేత తాను మేస్తూనే ఉంటుంది. ఆడది తల కొరికేసినా మగ గొల్లభామ జతకట్టడం ఆపదన్నది అందరూ విన్నదే. ఇలాంటి జీవికి కంటి మీద మచ్చ ఒక లెక్కా అంటారు. ఈ సాక్ష్యాన్ని తీసిపారేయలేం. అయితే అదొక్కటే సాక్ష్యం కాదు. లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయ పరిశోధకులు మరికొందరితో కలిసి 2022లో అప్పటిదాకా జరిగిన ప్రయోగాలన్నీ పోగేసి చూశారు. ఈగలు దోమల జాతిలోనూ, బొద్దింకలు చెదపురుగుల జాతిలోనూ నొప్పి ఉండవచ్చనడానికి గట్టి ఆధారాలే ఉన్నాయని తేల్చారు. బొద్దింకకూ చెదపురుగుకూ గొల్లభామ దగ్గరి చుట్టం. 2024 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో వెలువడిన ప్రకటనలో శాస్త్రవేత్తలూ తత్త్వవేత్తలూ కీటకాలకు అనుభవం ఉండే అవకాశాన్ని కొట్టివేయలేమన్నారు. ఇది రుజువు కాదు, జాగ్రత్తకు కారణం. నిజానికి నేను నొప్పి మీద పూర్తిగా ఆధారపడదలుచుకోలేదు. నొప్పి ఉన్నా లేకున్నా, వేలాడి కుబుసం విడవడం ఆ జీవి తనను తాను పూర్తి చేసుకునే పద్ధతి. మన తత్త్వ పరిభాషలో చెబితే స్వభావం. దాన్ని అడ్డుకున్న మూత, ఏడవలేని జీవికి కూడా ఏదో ఒకటి తక్కువ చేస్తుంది. విత్తనానికి నొప్పి ఉండదు, అయినా మొలకెత్తనివ్వని డబ్బాను విత్తనాలకు మంచి డబ్బా అనం.

ఇక్కడ మాండవ్యుడి కథ గుర్తుకు రావాలి. చేయని దొంగతనానికి శూలం ఎక్కిన ఆ ముని, ఇదేం న్యాయమని యముణ్ణి నిలదీస్తాడు. చిన్నప్పుడు రెక్కల పురుగులను గడ్డిపరకలతో గుచ్చి ఆడుకున్నావు, దాని ఫలమిదని యముడు చెబుతాడు. తెలియని వయసులో చేసినదానికి ఇంత శిక్షా అని ముని శపిస్తే యముడు విదురుడై పుట్టాడనీ, పద్నాలుగేళ్లు నిండేదాకా చేసినది పాపం కిందికి రాదని ముని హద్దు పెట్టాడనీ భారతం ఆదిపర్వం చెబుతుంది. ఈ కథను పిల్లలకు దొరికిన మినహాయింపుగా చదవడం అలవాటు. తూనీగ తోకకు దారం కట్టి ఎగరేసే పిల్లలకు అది ఊరటే. రెండో వైపు నుంచి చూస్తే అంత ఊరట లేదు. ముని శిక్ష ఎక్కువైందన్నాడు, ఎప్పటి నుంచి లెక్క కట్టాలో చెప్పాడు. పురుగును గుచ్చడం లెక్కలోకి రాదని మాత్రం అనలేదు. పద్నాలుగు దాటినవాడు తెలిసి కొన్న గాజు డబ్బాకు ఆ హద్దు రక్షణ ఇవ్వదు.

ఇంతకంటే పదునైన ఆక్షేపణ మరొకటుంది. మంచి గోడ కోసం ఇంత వెతుకులాట ఎందుకు, గోడే వద్దనుకుంటే పోలేదా? చిలకను పంజరంలో పెట్టడం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం తప్పు. పెద్ద పంజరమా, ఇత్తడి పంజరమా అని ఆ చట్టం అడగదు. టెక్కలి దగ్గరి తేలినీలాపురం ఇంకా ముందుకు వెళ్లింది. గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ ఏటా వచ్చి ఊళ్లోని చింతచెట్ల మీదే గూళ్లు పెడతాయి. రెట్టల కంపును భరిస్తూ, వాటి రాకను ఊరికి శుభంగా ఎంచుతూ, జనం వాటి జోలికి పోరు. అక్కడ పక్షికీ మనిషికీ మధ్య గోడ లేదు, కొట్టేయకుండా ఉంచిన చెట్టు ఉంది. ఈ ఆదర్శం ముందు దోమతెర పెట్టె చిన్నబోతుందని ఒప్పుకోవాల్సిందే. ఉద్దానంలో తోట ఉన్నవాడు గొల్లభామను చూడాలంటే కొమ్మ దగ్గర నిలబడితే చాలు, డబ్బా దండగ. అయినా ఈ ఆక్షేపణ నా వాదనను పడగొట్టదు. లోకంలో పెట్టెలు ఉన్నాయి. బడి పిల్లలకు చూపడానికి, తుఫానుకు విరిగిన కొమ్మ మీది గుడ్ల గూడును కాపాడడానికి, వేల మైళ్ల అవతల అపార్టుమెంటు గదిలో ఒక జీవి తోడు కోసం మనుషులు వాటిని కడుతూనే ఉన్నారు. పెట్టె వద్దన్న మాట దగ్గర ఆగిపోతే, ఇప్పటికే పెట్టెలో ఉన్న గొల్లభామకు మనం చెప్పేదేమీ మిగలదు. కట్టడాన్ని దోషంగా లెక్కపెట్టిన ఆచార్యులే వదులు ముడి గురించి కూడా మాట్లాడారంటే అది రాజీ అనుకోను. వాళ్లు కట్టుమీదున్న పశువును మరిచిపోలేదు, అంతే.

అయితే పెట్టెలో ఉండేది ఒక్క జీవి కాదు. గొల్లభామ చచ్చినదాన్ని ముట్టడం అరుదు, కదిలేదే దాని ఆహారం. పండీగలో, కీచురాళ్లో, చిన్న బొద్దింకలో బతికి ఉండగా లోపల వదలాలి. ఇక్కడ అశోకుడు అడ్డుపడతాడు. పట్టాభిషేకమైన 26 ఏళ్లకు వేయించిన అయిదో స్తంభశాసనంలో చంపకూడని జీవుల జాబితా ఉంది, పురుగులున్న ఊకను తగలబెట్టవద్దని ఉంది, జీవులను జీవులతో మేపకూడదని కూడా ఉంది. ఇచ్ఛాపురం దాటితే వచ్చే గంజాం జిల్లా జౌగఢ కొండ మీద ఉన్నవి వేరే శాసనాలు, అవీ జంతుబలిని వద్దన్నవే. ఈ నేలను రక్తంతో గెలిచినవాడి మాట కాబట్టి తేలిగ్గా తీసుకోలేం. జైనులు కూడా గృహస్థుడికి తగని 15 వృత్తుల్లో హింసాజీవులను పెంచడాన్ని చేర్చారు. దీనికి మామూలుగా వచ్చే జవాబు, తోటలో మాత్రం అది ఆకులు తింటుందా అని. ఆ జవాబు చాలదు. తోటలో టీ దోమకు రెక్కలున్నాయి, ఎగిరిపోవడానికి ఆకాశముంది. పెట్టెలో కీచురాయికి పారిపోయే దారి లేదు, ఆ దారి మూసింది మన గోడ. అంటే ఆ గోడకు లోపలి వైపులు రెండు. ఈ సంగతిని పట్టించుకోనివాడికి పెట్టె తనంతట తానే గుర్తుచేస్తుంది: తినకుండా వదిలేసిన కీచురాయి, కుబుసం విడుస్తూ మెత్తగా వేలాడుతున్న గొల్లభామను కొరికి చంపడం పెంపకందారులకు తెలిసిన ప్రమాదమే. అడుగున ఎండుటాకులు పరచడం, ఆకలికి మించి ఎర వదలకపోవడం, పొట్ట నిండాక మిగిలినదాన్ని బయటికి తీయడం, ఇవి ఎర పట్ల కూడా బాధ్యతే. ఇంత చేసినా అశోకుడి ఆక్షేపణ పూర్తిగా తీరదు. తీరిందని చెప్పే వాదన నా దగ్గర లేదు. భారతంలోని ధర్మవ్యాధుడు కౌశికుడితో, నాగలి దున్నినా అడుగు తీసి అడుగు వేసినా ప్రాణులు చస్తాయనీ, పూర్తి అహింస ఎవరికీ చిక్కలేదనీ అంటాడు. ఆ మాటను కొందరు చేతులు దులుపుకోవడానికి వాడతారు. మాంసం అమ్ముతూ కూడా ప్రతి అడుగునూ లెక్క చూసుకున్నవాడు అన్న మాట అది.

లెక్క చూసుకోవడమంటే ఎంత సూక్ష్మంగా చూడాలో దోమతెర ఒక్కటే చెబుతుంది. మెత్తగా, గాలి ఆడేలా, కొక్కేలకు పట్టు దొరికేలా ఉండే గుడ్డ అది. వెదురు బద్దలతో చట్రం కట్టి చుట్టేస్తే ఉద్దానంలో ఖర్చు లేని పెట్టె. అయితే మలేరియా నివారణకు మన్యం ఊళ్లలో పంచే దోమతెరలకు పురుగుమందు పట్టించి ఉంటుంది. అదే అల్లిక, అదే మెత్తదనం, లోపల వేలాడిన గొల్లభామకు మాత్రం మరణం. మన కంటికి ఆ రెండు గుడ్డలకూ తేడా లేదు. పెట్టెలో పెట్టే పుల్ల సంగతీ అంతే: చిగురు, పూత, పిందె దశల్లో టీ దోమకు మందు కొట్టిన జీడికొమ్మ అయితే విషాన్ని మనమే లోపలికి మోసుకెళ్లినట్టు. (అలా మందు కొట్టే తోటలో గొల్లభామకు పెట్టెకన్నా తోటే ప్రమాదం, కానీ అది రైతు బతుకుతో ముడిపడ్డ వేరే పెద్ద వాదన.) గుడ్డను దేవుణ్ణి చేయడం కూడా కుదరదు. సముద్రపు గాలిలో తేమ ఉన్నంతకాలం అన్ని వైపులా గుడ్డే మేలు. హైదరాబాద్ ఎండాకాలంలో ఆ పెట్టె ఎండిపోయి, తేమ చాలక, కుబుసం ఒంటికే అతుక్కుంటుంది. అక్కడ పక్కలకు ప్లాస్టిక్, పైకప్పుకు గుడ్డ పెట్టి రోజూ నీళ్లు చిలకరించడమే సరైనది. ఏ పదార్థానికీ సొంతంగా పుణ్యం లేదు. అది ఏ ఊళ్లో, ఏ గాలిలో, ఎవరి ఒంటికి తగులుతుందన్నదే ప్రశ్న.

గుడ్డకు మన మతాల్లో పాత పరిచయం ఉంది. బౌద్ధ భిక్షువు వెంట ఉంచుకోవాల్సిన ఎనిమిది వస్తువుల్లో నీళ్లు వడగట్టే గుడ్డ ఒకటి, తాగే నీటితో కంటికి ఆనని ప్రాణులు లోపలికి పోకూడదని. వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద విహారాల్లో బతికిన భిక్షువులకూ వినయ నియమం అదే. జైనులు కూడా నీళ్లు వడగడతారు, అయితే వడగట్టడంతో వాళ్ల పని పూర్తికాదు. గుడ్డ మీద మిగిలిన తడిని, అందులో ఉండే జీవులతో సహా, నీళ్లు తోడిన చోటుకే తిరిగి చేర్చాలి. వేరే బావిలో పోయకూడదు, ఆ నీటిలో అవి బతకవు. పెట్టె గురించి మిగిలిన ఒక ప్రశ్నకు ఈ నియమం దారి చూపుతుంది. ఏడాది తిరగకుండానే ముగిసే బతుకు గొల్లభామది, దాన్ని ఎక్కడ వదలాలి? అమెరికాలో తోటల కోసం అమ్మే చైనా గొల్లభామ గుడ్ల గూళ్లు అక్కడి నేలవి కావు. ఆ పిల్లలు పెద్దవై చిట్టి హమ్మింగ్‌బర్డ్ పిట్టలను కూడా పట్టి తిన్న సందర్భాలు నమోదయ్యాయి. కరుణతో వదిలినా అది పరాయి బావిలో పోయడమే, అలాంటిదాన్ని చివరిదాకా పెట్టెలోనే సాకాలి. సుమ్మాదేవి జీడితోటలో విరిగిన కొమ్మతో పాటు వచ్చిన గూడు సంగతి వేరు. పిల్లలు చీమల్లా బయటికి వచ్చి, ఒకటి రెండు కుబుసాలు గుడ్డ పైకప్పును పట్టుకునే విడిచాక, చట్రాన్ని అదే తోటకు మోసుకెళ్లి, మందు కొట్టని చెట్టు కింద, ఎండ పెరగకముందు, ఒక పక్క గుడ్డ విప్పి ఉంచాలి. దులిపి వదలడం తగదు, కొక్కేలు తెగుతాయి. అవి ఎక్కడానికి విప్పిన అంచు నుంచి చెట్టు దాకా ఒక పుల్ల ఆనించి పెడితే చాలు.